హ్యూయన్‌త్సాంగ్ మన గురించి రాసింది మనమెందుకు చదవలేం?

నాచారంలో కాపురం, హైటెక్ సిటీలో ఉద్యోగం. రోజూ హబ్సిగూడ దాకా బండి మీదొచ్చి అక్కడ మెట్రో ఎక్కుతాను. నేనెక్కే రైలు కొరియాది. హ్యుందాయ్ రోటెమ్ కంపెనీ అక్కడ తయారుచేసి ఓడల్లో పంపిన 57 రైళ్ళలో అదొకటి. వాటిలో చాలావాటికి మన ఉప్పల్ డిపోనే ఇల్లు. నా బండి జపాను వాళ్ళది, చేతిలో ఫోను చైనాది. ఈ మూడు దేశాల సరుకు లేకుండా నాకు పొద్దు గడవదన్నమాట. ఆ మూడు దేశాల గురించి నాకేం తెలుసయ్యా అంటే, ఓ పది నిమిషాల్లో చెప్పడం అయిపోతుంది.

హబ్సిగూడ తర్వాతి స్టేషను తార్నాక. అక్కణ్ణించి కాస్త లోపలికి వెళితే ఇఫ్లూ, దాన్నానుకుని ఉస్మానియా. మా ఇంటికి నాలుగు కిలోమీటర్లుంటాయేమో. చైనీస్, జపనీస్, కొరియన్ - మూడూ నేర్పే విశ్వవిద్యాలయం ఇంత దగ్గర్లో ఉన్నవాళ్ళు దేశంలో ఎంతమందుంటారు? మరి ఇన్నేళ్ళలో మనకి ఆ దేశాల గురించి తెలుగులో ఏం పోగుపడింది అన్నదే నా బాధ. దీనికి కొంచెం చరిత్ర ఉంది, అది చెప్తాను.

ముందుగా నా సంగతి. 2006లో అనుకుంటా, అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీ (పేరెందుకు లెండి) జపాను క్లయింటు వస్తున్నాడని మా బెంచి మీదున్న వాళ్ళందర్నీ సాయంత్రం జపనీస్ క్లాసులో కూచోబెట్టింది. కష్టపడి నాలుగో స్థాయి పాసయ్యాను. అప్పట్లో నాలుగే స్థాయిలు, నాలుగోది అన్నిటికన్నా కింది మెట్టు. 2010 నుంచి అయిదు చేశారు, ఎన్-1, ఎన్-2 అంటూ. మూడో స్థాయికి చదువుతుండగా ఆ క్లయింటు రావట్లేదని తెలిసింది. క్లాసు ఆగిపోయింది, నేనూ ఆగిపోయాను. పుస్తకాలు అటక మీదకెక్కాయి. తప్పు కంపెనీది కాదు, నాదే. నాకూ అది రెజ్యూమేలో ఒక లైను మాత్రమే.

మొన్నామధ్య ఒక రాత్రి నిద్రపట్టక హ్యూయన్‌త్సాంగ్ గురించి వెతుకుతున్నాను. మా అబ్బాయి సోషల్ పాఠంలో వచ్చాడు. అసలు పుస్తకం చైనా భాషలో ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. ఎక్కడో పాత గ్రంథాలయంలో తాళాలు వేసి ఉంటుందనుకున్నా. తీరా చూస్తే తైవాన్ వాళ్ళు సీబీటా అనీ, టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ళు సాట్ అనీ మొత్తం చైనా బౌద్ధ వాఙ్మయాన్నే అంతర్జాలంలో ఉచితంగా పెట్టేశారు. 1924 నుంచి 1934 వరకూ జపానులో అచ్చయిన వంద సంపుటాల తైషో త్రిపిటకం దానికి మూలం. అందులో 51వ సంపుటం తెరిచి, హ్యూయన్‌త్సాంగ్ యాత్రా గ్రంథం పదో భాగానికి వెళితే, కళింగ, కోసలల తర్వాత ఒక చిన్న పేరా. ఆంధ్ర దేశం!

చుట్టుకొలత మూడువేల 'లీ'లు. 'మూడు', 'వెయ్యి' - ఈ రెండు అక్షరాలూ నాకొచ్చు. 'దేశం', 'పెద్ద' కూడా. రాజధాని పేరు చైనా ఉచ్చారణలో ఏదో ఉంది గానీ అది మన వేంగే అని పండితులు తేల్చారు. నేల సారవంతం, పంటలు పుష్కలం, వేడి ఎక్కువ, జనం కాస్త ఉద్రేకస్వభావులు. (ఒప్పుకుంటారా?) ఇరవై పైచిలుకు సంఘారామాలు, మూడువేల పైచిలుకు భిక్షువులు. అన్నిటి మధ్యలో ఓ వాక్యం. ఇక్కడి వాళ్ళ మాట మధ్యదేశం మాటకన్నా వేరు, కానీ రాత పద్ధతి మాత్రం చాలావరకు ఒకటే, అని. ఆ వాక్యంలో 'మోజి' అన్న జంటాక్షరాలు చూసి నేను కుర్చీలో నిటారుగా కూచున్నాను. మోజి అంటే జపనీస్‌లో అక్షరం, లిపి. మా మేడమ్ బోర్డు మీద పదిసార్లు రాయించిన మాట. 640 ప్రాంతంలో ఒక చైనా భిక్షువు మన మాటని చెవులారా విని, మన రాతని కళ్ళారా చూసి రాసిన వాక్యంలో, నా బెంచి చదువుతో ఒక్క ముక్క గుర్తుపట్టాను.

మిగతా వాక్యం మాత్రం కొరుకుడు పడలేదు. అందులో 'మాట' అన్నదాని పక్కన ఇంకో జంటాక్షరాలున్నాయి. రెండో అక్షరం జపనీస్‌లో నాకు 'షిరబేరు', అంటే వెతికి తెలుసుకోవడం అన్న మాటలో పరిచయం. నిఘంటువు చూస్తే రాగం, స్వరం, తీరు అన్న అర్థాలూ ఉన్నాయి. శామ్యూల్ బీల్ 1884లో చేసిన ఇంగ్లీషు అనువాదంలో దీన్ని వాక్యంలో పదాల అమరిక అన్నట్టు రాశాడు. అంటే ఏంటి? మన వాక్య నిర్మాణం వేరని గమనించాడా, లేక మన మాట యాస, సాగదీత వేరుగా వినపడిందా? ఈ రెంటికీ చాలా తేడా ఉంది. తెలుగు శాసనాలు అప్పుడప్పుడే రాయలసీమలో రేనాటి చోళుల దగ్గర మొదలై అరవయ్యేళ్ళో డెబ్భయ్యేళ్ళో అయిన కాలం అది. అప్పటి మన మాట గురించి బయటివాడు చెప్పిన సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది? అది కూడా బీల్ దొర ఎలా అర్థం చేసుకుంటే అలాగే మనకి. బీల్ కాకపోతే వాటర్స్ (1904-05). మన చరిత్ర పుస్తకాల్లో హ్యూయన్‌త్సాంగ్ ఉవాచ అని ఎక్కడ కనబడ్డా, కింద ఈ ఇద్దరిలో ఒకరు ఉంటారు.

ఇది ఒక్క వాక్యంతో అయిపోయేది కాదండోయ్. ఆయన వేంగి నుంచి ధాన్యకటకం వచ్చాడు. అక్కడి జనం నల్లగా ఉంటారు, కోపం ఎక్కువ, కానీ చదువన్నా విద్యలన్నా ఇష్టం అని రాశాడు. ఆయన జీవిత చరిత్రలో ఇంకో ముచ్చటుంది. ధాన్యకటకంలో సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలుండి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. వాళ్ళు ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. అంటే కృష్ణ ఒడ్డున చైనా విద్యార్థి, ఆంధ్రా మేష్టార్లు. మళ్ళీ ఆంధ్రా విద్యార్థులు, చైనా మేష్టారు.

అక్కడే భావవివేకుడి కథ కూడా చెప్తాడు. మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా బతికుండి ఆయన్నే సందేహాలడగాలని భావవివేకుడి పంతం. ధాన్యకటకం దగ్గరి కొండ ముందు మూడేళ్ళు జపం చేసి, మంత్రించిన ఆవగింజలతో రాతిని కొడితే కొండ తెరుచుకుందట. లోపలికి రండి అని పిలిస్తే జనం భయపడ్డారు, ఆరుగురే వెంటవెళ్ళారు, తలుపు మూసుకుపోయింది. కథని అలా ఉంచండి. ఈయన రాసిందని చెప్పే కరతలరత్నం అనే గ్రంథం ఉంది. సంస్కృత మూలం పోయింది. హ్యూయన్‌త్సాంగ్ చేసిన చైనా అనువాదం మిగిలింది. దాన్ని ఎన్. అయ్యస్వామి శాస్త్రి గారు చైనా భాష నుంచి మళ్ళీ సంస్కృతంలోకి తెచ్చారు. 1949లో విశ్వభారతి ప్రచురించింది. ధాన్యకటకం వాడి పుస్తకం ధాన్యకటకానికి వందల మైళ్ళ దూరాన శాంతినికేతన్‌లో మళ్ళీ కళ్ళు తెరిచింది.

నాగార్జునుడు శాతవాహన రాజుకి రాశాడని చెప్పే సుహృల్లేఖ కూడా అంతే. సంస్కృతం దొరకలేదు, టిబెటన్‌లో ఉంది, చైనాలో ఒకటికి మూడు అనువాదాలున్నాయి. ఆ మూడింట్లో ఒకటి 671లో బయల్దేరి మన దేశానికొచ్చిన ఇత్సింగ్ చేసింది. వేంగి దగ్గర కొండ మీద దిఙ్నాగుడు తర్కశాస్త్రం రాశాడని హ్యూయన్‌త్సాంగ్ చెప్తాడు. ఆ దిఙ్నాగుడి న్యాయముఖాన్ని 1930లో ఇటలీ పండితుడు టూచీ చైనా భాష నుంచే ఇంగ్లీషు చేశాడు. బెంగాలీలకి కుదిరింది, ఇటలీ వాడికి కుదిరింది. నాగార్జునుడి పేరు విశ్వవిద్యాలయానికీ, కొండకీ, డ్యాముకీ పెట్టుకున్న మనకి కుదరలేదు.

శాంతినికేతన్‌లో ఎందుకు కుదిరిందంటే, అక్కడ 1937లోనే చీనా భవన్ పెట్టారు. టాగోర్ కోరిక, తాన్ యున్-షాన్ అనే చైనా పండితుడి శ్రమ. ఆయన చైనా నుంచి డబ్బులూ పుస్తకాలూ పోగుచేసుకొచ్చి, అక్కడే దశాబ్దాలపాటు ఉండిపోయాడు. భాష నేర్పడం, గ్రంథాలు చదవడం, చరిత్ర, అన్నీ ఒకే కప్పు కింద. ఢిల్లీకి మాత్రం యుద్ధం చేసి మేలు చేసింది. 1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాక గానీ, పక్కింటి వాడి గురించి మనకేమీ తెలియదని తెలియలేదు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయన కేంద్రం వచ్చింది, 1969లో జపాన్ కలిసింది, తర్వాత అదే తూర్పు ఆసియా అధ్యయన విభాగం అయింది. భాషతో బాటు చరిత్ర, రాజకీయం, ఆర్థికం నేర్పాలన్నది అక్కడి పద్ధతి. జేఎన్‌యూ సంగతి మీకు తెలిసిందే.

అమెరికాలోనూ ఇదే వరస. 1957లో రష్యా స్పుత్నిక్ ఎగరేస్తే, 1958లో వాళ్ళు చట్టం చేసి మరీ విదేశీ భాషలకీ, ప్రాంతీయ అధ్యయనాలకీ డబ్బు కుమ్మరించారు. అదే 1958లో మన హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పుట్టింది. వాళ్ళేమో ప్రపంచ భాషలు, మనమేమో ఇంగ్లీషు! ఊరికే అన్నాన్లెండి, కాకతాళీయం. కన్నడ కవి వి.కె. గోకాక్ గారు మొదటి రోజుల్లో దానికి డైరెక్టరుగా చేశారు. 1972లో విదేశీ భాషలు చేర్చి సీఫెల్ అన్నారు. మా బస్సు కండక్టర్లు చాలాకాలం ఆ పేరే అరిచేవాళ్ళు. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయ్యింది. మొదట వచ్చినవి యూరప్ భాషలు, ఆసియా భాషలు తర్వాత చేరాయి. భాష నేర్పడంలో వాళ్ళకి వంక పెట్టడానికి నేనెవర్ని? అక్కడ చదివిన వాళ్ళ ఉచ్చారణ వింటే నా నాలుగో స్థాయి సర్టిఫికెట్ దాచేసుకోవాలనిపిస్తుంది.

దానికి నడిచివెళ్ళేంత దూరంలో, ఉస్మానియా ఆవరణలోనే, 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. పీఎల్-480 కింద అమెరికా మనకి గోధుమలమ్మింది గుర్తుందా, పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. వాటికి మనం రూపాయల్లో చెల్లించాం. ఆ రూపాయలు ఇక్కడే ఉండిపోయాయి. అందులోంచి కొంత ఇలాంటి వాటికి పెట్టారు. అమెరికా సాహిత్యం, చరిత్రల మీద అంతటి గ్రంథాలయం ఆసియాలోనే అరుదని పేరు తెచ్చుకుంది. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు తార్నాకలో దిగి అక్కడ నెలల తరబడి చదువుకున్నారు. తర్వాత పేర్లు మారాయి, డబ్బు తగ్గింది, చివరికి ఉస్మానియా వాళ్ళ అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రం అయింది. అదే గోధుమల రూపాయలతో 1960లలో అమెరికా వాళ్ళు మన తెలుగు పుస్తకాలు కొని తమ విశ్వవిద్యాలయాలకి పంపుకున్నారు. ఇక్కడ దొరకని పాత తెలుగు నవల షికాగోలోనో మాడిసన్‌లోనో దొరికిందంటే కారణం అదే. వాళ్ళు మన భాష నేర్చుకుని మన చరిత్ర చదివారు. మనం తూర్పు వైపు ఆ పని చెయ్యలేదు.

ఇక్కడ నాకో అనుమానం రావాలి, నాకే కాదు మీకూ రావాలి. హైదరాబాదుకి తూర్పు ఆసియా మీద ఎప్పుడూ ఆసక్తే లేదా? ఉంది. వందేళ్ళ కిందటే ఉంది. ఇదే ఉస్మానియాకి ఉంది.

ఉస్మానియా 1918లో పెట్టినప్పుడు అందరూ నవ్వారు. ఉర్దూలో డాక్టరీ, ఇంజనీరింగూ చెప్తారట అని. చెప్పి చూపించాలంటే అలా చేసి గెలిచినవాడు కావాలి. ఎవడున్నాడు? జపాను వాడున్నాడు. పాశ్చాత్య శాస్త్రాలన్నీ తన భాషలోకి తెచ్చుకుని, ఎవరికీ బానిస కాకుండా నిలబడ్డాడు, 1905లో రష్యాని యుద్ధంలో ఓడించాడు. అందుకని నిజాం ప్రభుత్వం 1922లో తన విద్యాశాఖ డైరెక్టర్ సయ్యద్ రాస్ మసూద్‌ని జపానుకి పంపింది. ఈయన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. ఇ.ఎం. ఫార్‌స్టర్ తన 'ఎ పాసేజ్ టు ఇండియా'ని అంకితమిచ్చింది ఈయనకే. మసూద్ అక్కడ స్కూళ్ళూ విశ్వవిద్యాలయాలూ తిరిగి చూసి, జపాన్ చరిత్రతో మొదలుపెట్టి, వాళ్ళ చదువు వ్యవస్థ మీద లావుపాటి నివేదిక రాశాడు. 1923లో హైదరాబాదులోనే అచ్చయింది. ఒక భారతీయ సంస్థానం ఒక ఆసియా దేశాన్ని చూసి నేర్చుకుందామని మనిషిని పంపి రాయించిన పుస్తకం. నా మటుకు నాకు మన ఊళ్ళో తూర్పు ఆసియా అధ్యయనం మొదలైంది అక్కడే. అప్పటికి చీనా భవన్ ఇంకా పుట్టలేదు.

అయితే మసూద్ తెచ్చిన పాఠాన్ని సగమే నేర్చుకున్నారు. జపాను రైతుబిడ్డ తను ఇంట్లో మాట్లాడే భాషలో చదివాడు. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, తర్వాత మరాఠీ, కన్నడం. ఉప్పల్లోనో నాచారంలోనో ఉన్న రైతుబిడ్డకి ఉర్దూ ఎంత సొంతమో ఇంగ్లీషూ అంతే సొంతం. అలాంటి ఉర్దూ కూడా 1948 తర్వాత పోయి ఇంగ్లీషు వచ్చింది. దాంతో జపానుని చూడాల్సిన అవసరమే పోయిందేమో అనిపిస్తుంది. సొంత భాషలో శాస్త్రం చెప్పాలన్న గొడవ లేనప్పుడు, ఎవడెలా చెప్పుకున్నాడో మనకెందుకు?

చైనా మీద ఆసక్తి మరో దారిలో వచ్చింది. 1948లో, తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగా, ఆంధ్ర కమ్యూనిస్టులు మన దారి రష్యా దారి కాదు, మావో దారి అని తీర్మానం రాశారు. చైనాలో విప్లవం ఇంకా గెలవకముందే! దేశంలో ఆ మాట ముందుగా అన్నది తెలుగువాళ్ళే. తర్వాతి దశాబ్దాల్లో ఎంతమంది కుర్రాళ్ళు ఆ మాట మీద ప్రాణాలు పెట్టారో మనకి తెలుసు. తప్పొప్పుల జోలికి నేను పోను. కానీ ఒకటి గమనించండి. మావోని తెలుగువాళ్ళు చదివింది ఇంగ్లీషులో, ఇంగ్లీషు నుంచి తెలుగులో. ఒక దేశం దారి మనకి కుదురుతుందా లేదా అని చావుబతుకుల మీద వాదించుకున్నాం గానీ, ఆ దేశం భాష నేర్చుకుని స్వయంగా చూద్దామనే దానికి తీరిక దొరకలేదు. బీజింగ్ రేడియో 1963 నుంచీ తమిళంలో ప్రసారాలు చేస్తోంది. జపాన్ భాషకీ తమిళానికీ చుట్టరికం ఉందని సుసుము ఓనో అనే జపాను పండితుడు ఏళ్ళ తరబడి వాదించాడు (చాలామంది ఒప్పుకోలేదనుకోండి). అవతలి వాళ్ళకి మన పక్కవాళ్ళు కనపడ్డారు, మనం కనపడలేదు.

మూడో ఆసక్తి సరుకు మీద. 1980లలో మన ఆల్విన్ కంపెనీ సీకోతో కలిసి వాచీలు, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో లారీలు తయారుచేసింది. తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చింది, మాలాంటి వాళ్ళం వచ్చాం. ఇప్పుడు కొరియా సీరియళ్ళొచ్చాయి. మొన్న తార్నాకలో టీ తాగుతుంటే పక్కన జపనీస్ పుస్తకం పట్టుకున్న ఓ కుర్రాడు కనిపించాడు. ఊరుకోలేక మాట కలిపాను. జపాన్ హిస్టరీ కూడా చదువుతున్నారా తమ్ముడూ అనడిగాను. "హిస్టరీ సదివితే ఎవడిస్తడన్నా జాబు? ఎన్-2 అయితే ప్యాకేజి ఎంత పెరుగుతదో ఎరికేనా?" అన్నాడు. నేనేం మాట్లాడతాను? నేను చేసింది అంతకన్నా అన్యాయం. వాడు ఎన్-2 దాకా వెళుతున్నాడు.

వాణ్ణి తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లో అప్పులుంటాయి, చెల్లెలి చదువుంటుంది. కానీ వందమంది నేర్చుకుంటే అందులో ఇద్దరికైనా జీతమిచ్చి, మీరు హ్యూయన్‌త్సాంగ్‌ని చైనా నుంచి నేరుగా తెలుగు చెయ్యండి, కరతలరత్నాన్ని తెలుగు చెయ్యండి, మసూద్ నివేదికని ఇప్పటి జపానుతో పోల్చి చూడండి అని చెప్పే చోటు ఉండాలా వద్దా? భాష నేర్పేవాళ్ళు రోడ్డుకి ఒక పక్క, చరిత్ర నేర్పేవాళ్ళు మరో పక్క ఉన్నారు. మూల గ్రంథాలేమో ఉచితంగా తెర మీద ఉన్నాయి. కొత్త భవనాలు కూడా అక్కర్లేదు. ఉస్మానియా చరిత్ర విద్యార్థికి ఇఫ్లూలో ప్రాచీన చైనా భాష ఒక పేపరు, అక్కడి భాషా విద్యార్థికి ఇక్కడ ఆంధ్ర బౌద్ధం ఒక పేపరు పెట్టడానికి ఎన్ని కోట్లు కావాలి? నాగార్జున విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రమూ ఉంది, వాళ్ళనీ కలుపుకోవచ్చు.

2022లో ఆర్ఆర్ఆర్ జపానులో విడుదలై, అంతకుముందు 'ముత్తు' పేర ఉన్న రికార్డుని దాటింది. ఆ సినిమా పిచ్చితో తెలుగు నేర్చుకుంటున్న జపాను వాళ్ళున్నారు. వాళ్ళు ఓ రోజు మన కన్నా ముందే నన్నయని చదివేస్తారేమోనని నాకు కొంచెం బెంగగానే ఉంది :)

అటక మీంచి పుస్తకాలు దించాను. మూడో స్థాయి పుస్తకంలో సగం దాకా నా పెన్సిలు గీతలున్నాయి, తర్వాత తెల్లగా ఉంది. హబ్సిగూడ నుంచి రాయదుర్గం దాకా రైల్లో ఎలాగూ ఖాళీయే. జపనీస్ వస్తే ఏడో శతాబ్దపు చైనా వాక్యం అర్థమైపోదని తెలుసు. అంచేత ఇఫ్లూలోనో జేఎన్‌యూలోనో చైనీస్ చదువుకున్న తెలుగువాళ్ళెవరైనా దీన్ని చదువుతుంటే ఒక్క సాయం చెయ్యండి. పదో భాగం, ఆంధ్ర దేశం పేరా, మన భాష మధ్యదేశం కన్నా వేరు అన్న వాక్యంలో 'మాట' తర్వాత వచ్చే ఆ జంటాక్షరాలు. ఆ కాలపు వాడుకలో దానికి పదాల అమరిక అని అర్థమా, యాస అని అర్థమా?